అద్దంలో కనిపించిన అరబ్బు రాజ్యం

మద్రసాలో అరబ్బీ వ్యాకరణం చదువుకునే రోజుల్లో మా ఉస్తాద్ ‘లౌ’ అనే చిన్న పదానికి ఒక పూట పాఠమంతా కేటాయించారు. తెలుగులో మనం ‘వస్తే’, ‘అయితే’, ‘ఉంటే’ అని చెప్పుకునే షరతుకు అరబ్బీలో ముఖ్యంగా మూడు పదాలున్నాయి. జరగవచ్చు, జరగకపోవచ్చు అనే చోట ‘ఇన్’ వస్తుంది. జరుగుతుందని నమ్మకమున్న చోట ‘ఇజా’ వస్తుంది. జరగనే లేదని తెలిసిన చోట ‘లౌ’ వస్తుంది. ఒకటి జరగలేదు కనుక దానిపై ఆధారపడిన రెండవదీ జరగలేదని తెలిపే పదమని వ్యాకరణవేత్తలు దీనిని నిర్వచించారు. ‘నీవు వచ్చి ఉంటే నిన్ను ఆదరించి ఉండేవాణ్ణి’ అన్నామంటే, నీవు రాలేదు, నేను ఆదరించలేదు అనే రెండు సంగతులనూ ఒప్పుకున్నట్లే. ‘లౌ’తో మొదలయ్యే వాక్యం ఎంత అందంగా ఉన్నా అది ఒక లేమిని అంగీకరించే వాక్యమేనని మా ఉస్తాద్ చెప్పేవారు. మన ఊళ్ళలోనయితే ‘అత్తకు మీసాలొస్తే మామ’ అని నవ్వి ఊరుకుంటారు. అరబ్బులు దానికి కూడా శాస్త్రం రాశారు.

ఈ ‘లౌ’ విషయంలో దైవప్రవక్త (స) చేసిన హెచ్చరిక పాఠకులకు తెలిసిందే. ఆపద వచ్చిపడిన తరువాత ‘ఇలా చేసి ఉంటే అలా అయ్యేది కదా’ అని వగచవద్దని, ఆ మాట షైతాను పనికి తలుపు తెరుస్తుందని ‘సహీహ్ ముస్లిం’లోని ఒక హదీసు భావం. అయితే మన హదీసువేత్తలు ఈ నిషేధాన్ని అన్ని సందర్భాలకూ ఒకే తీరుగా వర్తింపజేయలేదు. ‘లౌ’ అనడం ఎప్పుడు సమ్మతమో తెలిపేందుకు ఇమామ్ బుఖారీ తమ గ్రంథంలో ప్రత్యేకంగా ఒక శీర్షికనే పెట్టారు. తరువాత తెలిసిన సంగతి ముందే తెలిసి ఉంటే బలిపశువులను వెంట తెచ్చేవాణ్ణి కానని అంతిమ హజ్ సమయంలో దైవప్రవక్త (స) స్వయంగా అన్నారు. ఇద్దరు ముగ్గురు దేవుళ్ళుంటే భూమ్యాకాశాల వ్యవస్థ చెడిపోయి ఉండేదని దివ్య ఖుర్ఆన్ (21:22) చేసిన వాదం కూడా ‘లౌ’తోనే నడుస్తుంది. కనుక ‘లౌ’ రెండు విధాలని మనం గ్రహించాలి. ఒకటి వగపు, రెండవది తర్కం. మొదటిది మనిషిని కూర్చోబెడుతుంది. రెండవది కారణాలను వెదికిస్తుంది.

ఒక నవలను గురించి రాయబోతూ ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఆ నవల ఆసాంతం ఒకే ఒక్క ‘లౌ’ మీద నిలబడి ఉంది. అరబ్బు దేశాలన్నీ ఏకమై ఒక మహారాజ్యంగా ఎదిగి ఉంటే, అమెరికా ముక్కలై బలహీనపడి ఉంటే ఏమయ్యేదన్నదే దాని ఇతివృత్తం. పేరు ‘ది మిరేజ్’, అంటే ఎండమావి. రచయిత మాట్ రఫ్ అనే అమెరికన్. 2012లో వెలువడింది. విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఒక ముస్లిం యువకుడు ఈ పుస్తకం నా చేతిలో పెట్టి, ‘సార్, దీన్ని మీరు తెలుగులోకి తేవాలి. చదువుతుంటే ఛాతీ ఉప్పొంగింది’ అన్నాడు. అనువాదం నా వృత్తి. చదివాను. నిజం చెప్పాలంటే కొన్ని పుటల వద్ద నా ఛాతీ కూడా ఉప్పొంగింది. ఆ ఉప్పొంగడమేమిటో తేల్చుకోవడానికే ఈ వ్యాసం.

నవలలోని కథ

2001 నవంబరు 9న క్రైస్తవ ఛాందసులు నాలుగు విమానాలను అపహరిస్తారు. రెండు విమానాలు బాగ్దాదులోని టైగ్రిస్, యూఫ్రటీస్ జంట ప్రపంచ వాణిజ్య భవనాలను ఢీకొంటాయి. మూడవది రియాదులోని రక్షణ మంత్రిత్వ భవనంపై పడుతుంది. మక్కా వైపు వెళుతోందని భావించిన నాలుగవదానిని ప్రయాణికులే కూల్చివేస్తారు. సంయుక్త అరబ్బు రాజ్యాలు ఉగ్రవాదంపై యుద్ధం ప్రకటించి, సైన్యాన్ని అమెరికా తూర్పు తీరానికి పంపి, వాషింగ్టన్‌లో ఒక ‘గ్రీన్ జోన్’ను ఏర్పరుస్తాయి. ఇది నేపథ్యం.

అసలు కథ 2009లో మొదలవుతుంది. అరబ్బు స్వదేశ భద్రతా శాఖలో పనిచేసే ముస్తఫా అల్ బాగ్దాదీ, సమీర్, అమల్ అనే ముగ్గురు అధికారులు ఒక ఆత్మాహుతి దళ సభ్యుణ్ణి పట్టుకుంటారు. విచారణలో అతడు విచిత్రమైన మాట చెబుతాడు. ఈ లోకం నిజం కాదు, ఇదొక ఎండమావి, నిజమైన లోకంలో అమెరికాయే అగ్రరాజ్యం, అరబ్బు దేశాలు వెనుకబడిన దేశాల గుంపు మాత్రమే అంటాడు. అతడి ఇంట్లో 2001 సెప్టెంబరు 12 నాటి ‘న్యూయార్క్ టైమ్స్’ ప్రతి ఒకటి దొరుకుతుంది. పట్టుబడిన ఇతరులు కూడా ఇదే మాట చెబుతారు. ఇక ఈ రహస్యాన్ని ఛేదించడమే కథ. మన లోకంలో ఇరాకు నియంతగా తెలిసిన సద్దాం హుసేన్ ఈ నవలలో బాగ్దాదు ముఠా నాయకుడు. ఉసామా బిన్ లాదిన్ యుద్ధవీరుడిగా పేరు పొందిన సెనెట్ సభ్యుడు. మధ్యమధ్య ‘అలెగ్జాండ్రియా గ్రంథాలయం’ అనే విజ్ఞాన కోశంలోని ఆరోపాలు వస్తూ ఆ లోకపు చరిత్రను చెబుతుంటాయి. నేడు అందరూ కలసి రాసే ‘వికీపీడియా’ వంటిదే అది. యూదుల రాజ్యం ఆ లోకంలో పాలస్తీనాలో లేదు, జర్మనీలో ఉంది. నేరం చేసిన వారి నేలమీదనే పరిహారం చెల్లించారన్నమాట.

మెచ్చదగిన అంశాలు

ఈ నవలలో మెచ్చదగినవి ఉన్నాయి. వాటిని ముందుగా చెప్పడం న్యాయం. మొదటిది, ముస్లిం పాత్రల చిత్రణ. 2001 తరువాత అమెరికన్ కల్పనా సాహిత్యంలోనూ సినిమాలలోనూ ముస్లిం పాత్ర తరచుగా అనుమానితుడుగానో, అనుమానితుణ్ణి పట్టిచ్చే ‘మంచివాడు’గానో మాత్రమే కనిపించేది. ముస్తఫా అలాంటివాడు కాడు. అతడు పొరపాట్లు చేసిన భర్త, ఇంటి దుఃఖాన్ని మోస్తూ ఉద్యోగం చేసుకునే మనిషి. అతడి విశ్వాసం కథలో ఒక సమస్యగా కాక జీవితంలో ఒక భాగంగా ఉంటుంది. అమల్ తన శాఖలో పురుషుల మధ్య నెగ్గుకువచ్చే సమర్థురాలు. ఆమెను రక్షించడానికి ఎవరో బయటినుంచి రావలసిన అవసరం లేదు.

రెండవది, రచయిత ఉద్దేశం. ఇరాకుపై 2003లో అమెరికా జరిపిన దాడిని దూరం నుంచి వార్తగా చూసిన అమెరికన్ పాఠకుణ్ణి, తన రాజధానిలోనే పరాయి సైనికుల తనిఖీ కేంద్రం ముందు నిలబెట్టడం ఆయన ఉద్దేశం. తన ఊరి వీధిలో పరాయి భాషలో గద్దింపు వినబడితే ఎలా ఉంటుందో చూపించాడు. తన జాతి చేసిన పనిని తన జాతికే అద్దంలో చూపడం ధైర్యమున్న పని. ఇంటివారికి చెప్పవలసిన మాటను ఇంటి భాషలో చెప్పాడు.

అయితే అద్దం ఎవరి ముందు పెట్టారన్నది ముఖ్యం. అమెరికన్ పాఠకుడు ఈ అద్దంలో చూస్తే తన తప్పు కనిపిస్తుంది. అదే అద్దంలో మనం చూస్తే మన కోరిక కనిపిస్తుంది. ఒకే పుస్తకం ఒకరికి ఆత్మవిమర్శ, మరొకరికి ఆత్మతృప్తి. నా దగ్గరకు వచ్చిన ఆ యువకుడు వాషింగ్టన్‌లో అరబ్బు సైన్యం కవాతు చూసి సంతోషించాడు. బాగ్దాదు వీధుల్లో 2003లో సామాన్యులు పడ్డ యాతనను తలచుకుని కన్నీరు పెట్టినవాడే అతడు. అదే యాతన మరొక ఊరి సామాన్యులకు కలిగితే ఛాతీ ఎందుకు ఉప్పొంగాలి? ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదని దివ్య ఖుర్ఆన్ (5:8) ఆదేశిస్తోంది. ఈ ఆదేశం మెలకువలో మాత్రమేనా, కలలో వర్తించదా? కలలో మనం ఎవరిమో తెలిసిన తరువాతే మెలకువలో మన న్యాయబుద్ధికి విలువ.

తేదీలో బయటపడిన రహస్యం

అనువాదకుడికి ఒక అలవాటు ఉంటుంది. ఇతరులు కథను చదివేచోట అతడు మాటలను తూచి చూస్తాడు. ఈ నవలలో నన్ను ఆపినది ఒక తేదీ. అమెరికాలో నెల ముందు, రోజు తరువాత రాస్తారు. కనుక సెప్టెంబరు 11 వారికి 9/11. ఆ అంకెలను తిరగవేసి రచయిత 11/9 చేశాడు. అమెరికన్ పద్ధతిలో చదివితే నవంబరు 9 అయింది. నవలలోని లోకమంతా ఆ విషాదాన్ని 11/9 అనే పిలుస్తుంది.

దీనిని తెలుగులోకి తేవడమెలా? మనం రోజు ముందు, నెల తరువాత రాస్తాం. అరబ్బు దేశాల్లోనూ అంతే. నవంబరు 9ని మనం రాస్తే 9-11 అవుతుంది. అంటే తిరగవేసిన అంకె మళ్ళీ తిరగబడి మొదటికే వస్తుంది. అరబ్బీ కుడినుంచి ఎడమకు రాస్తారు కనుక కాగితం మీద చూపుకు 11/9 వలెనే ఉండవచ్చునని ఎవరైనా అనవచ్చు. కాని నోటితో చదివినప్పుడు తొమ్మిది ముందు వస్తుంది, పదకొండు తరువాత వస్తుంది. ప్రపంచాన్ని శాసించే ఒక అరబ్బు రాజ్యం తన అతిపెద్ద విషాదానికి అమెరికన్ గుమాస్తా తేదీ వేసే వరుసలో పేరు పెట్టుకుందన్నమాట. అందులోనూ ఆ రోజు రమజాన్‌కు సరిగ్గా వారం ముందటిది, షాబాన్ మాసపు చివరి దినాలు. ఒక అరబ్బు నగరం ఆ దుఃఖాన్ని తనదిగా గుర్తుంచుకుంటే, ‘రమజాన్ ముందటి జుమా’ అనో మరోలాగో తన నోటికి వచ్చిన పేరు పెట్టుకునేది. నవంబరు 9, 2001 శుక్రవారం కూడా.

ఇది అచ్చుతప్పు వంటి చిన్న విషయమని కొట్టిపారేయరాదు. నవల అంతటా ఇదే జరిగింది. అరబ్బు రాజ్యానికి సెనెట్ ఉంది, స్వదేశ భద్రతా శాఖ ఉంది, జంట భవనాలున్నాయి, ఉగ్రవాదంపై యుద్ధముంది, గ్రీన్ జోన్ ఉంది. అమెరికాకు ఉన్నవన్నీ ఉన్నాయి. అమెరికాకు లేనిది, అరబ్బు చరిత్రలో నుంచి మాత్రమే పుట్టగలిగినది ఏముందని వెదికితే చేతికి వచ్చేది తక్కువ. తలపాగా మారింది, తల మారలేదు.

ఇబ్ను ఖల్దూన్ తూనికరాయి

చరిత్రకు సంబంధించిన ఏ కథనాన్నయినా పరీక్షించడానికి మన వద్ద ఒక పాత తూనికరాయి ఉంది. 1377లో ‘ముఖద్దిమా’ రాసిన ఇబ్ను ఖల్దూన్, చెప్పినవారెవరని మాత్రమే చూసి వార్తను నమ్మే చరిత్రకారులను తప్పుపట్టాడు. మానవ సమాజపు స్వభావం ప్రకారం ఆ సంగతి జరగడం సాధ్యమేనా అని ముందు అడగాలన్నాడు. రాజ్యం ఊరికే పుట్టదు. దాని వెనుక ‘అసబియ్యత్’, అంటే ఒక సమూహాన్ని కట్టి ఉంచే సంఘీభావం ఉండాలి. పన్నులు, వృత్తులు, విద్య, జనసంఖ్య అన్నీ దానితో ముడిపడి ఉండాలి. రాజ్యం బలపడినకొద్దీ విలాసం పెరిగి ఆ సంఘీభావం సడలుతుందనీ ఆయనే చెప్పాడు.

జరిగిన చరిత్రకే ఈ పరీక్ష అవసరమైతే, జరగని చరిత్రకు ఇంకెంత అవసరం? ‘ది మిరేజ్’ ఈ పరీక్షకు నిలవదు. అరబ్బులు ఎలా ఏకమయ్యారు, కైరో మాటను బాగ్దాదు ఎందుకు విన్నది, రియాదు ఎందుకు ఒప్పుకున్నది, పరిశ్రమలు ఎక్కడివి, వాటిలో పనిచేసినవారెవరు అనే ప్రశ్నలకు బలమైన జవాబులు దొరకవు. చివరకు ఈ తారుమారు వెనుక ఒక జిన్ను, ఒక కోరిక ఉన్నట్లు కథ తేలుస్తుంది. కథగా అది చమత్కారమే. కాని అరబ్బులు బలవంతులయ్యారంటే దానికి జిన్ను తప్ప మరో కారణం ఊహించలేకపోవడం ఆలోచించవలసిన సంగతి. సీసాలోని జిన్నూ కోరికలూ పాశ్చాత్యులు మన కథలనుంచి ఎన్నడో ఎత్తుకున్న సామగ్రి. దానినే మనకు తిరిగి చరిత్రగా అప్పగించారు.

ఇబ్ను ఖల్దూన్ మరో మాట కూడా చెప్పాడు. ఓడినవాడు గెలిచినవాణ్ణి వేషంలో, వృత్తిలో, అలవాట్లలో అనుకరిస్తాడు, ఎందుకంటే గెలుపు ఆ వేషంలోనే ఉందని భ్రమపడతాడు అన్నాడు. ఈ నవలలో ఒక వింత జరిగింది. ఓడినవాడు అనుకరించడానికి ముందే, అతడు ఎలా అనుకరించాలో గెలిచినవాడే రాసిపెట్టాడు. దానిని చదివి మనం ఉప్పొంగితే ఆ అనుకరణ పూర్తయినట్లే.

జరిగి ఉండగలిగిన చరిత్ర

అయితే అరబ్బు ప్రపంచంలో ఒక ఆధునిక రాజ్యం మహాశక్తిగా ఎదిగే అవకాశం ఎన్నడూ రాలేదా అని పాఠకులు అడగవచ్చు. వచ్చింది. తర్కంతో కూడిన ‘లౌ’కు తగిన ఉదాహరణ 19వ శతాబ్దపు ఈజిప్టు. 1805లో పాలకుడైన ముహమ్మద్ అలీ పాషా పుట్టుకతో అరబ్బు కాడు, ఉస్మానియా సామ్రాజ్యం తరఫున వచ్చిన సేనాని. కాని ఆయన నిర్మించిన రాజ్యం నైలునది నేలమీద, అరబ్బీ మాట్లాడే రైతుల వెన్నుమీద నిలిచింది. పొడవుపోగు పత్తిని ప్రభుత్వమే కొని ఐరోపాకు అమ్మింది. ఆ డబ్బుతో కర్మాగారాలు, ఆయుధశాలలు, నౌకాదళం ఏర్పడ్డాయి. 1820 దశకంలో బూలాఖ్ ముద్రణాలయం పని మొదలుపెట్టింది. 1826లో నలభై మందికి పైగా విద్యార్థులను పారిస్ పంపారు. వారికి ఇమాముగా వెళ్ళిన అజ్‌హర్ పట్టభద్రుడు రిఫాఆ అల్ తహ్తావీ, అక్కడ ఫ్రెంచి నేర్చుకుని 1831లో అనువాదకుడుగా తిరిగివచ్చాడు. 1835లో ఏర్పడిన భాషల పాఠశాలను ఆయనే నడిపించాడు.

ఆ సైన్యం బలమెంతటిదో ఉస్మానియా సుల్తానుకే తెలిసివచ్చింది. ముహమ్మద్ అలీ కుమారుడు ఇబ్రాహీం పాషా సిరియాను గెలిచి, 1832 డిసెంబరులో కొన్యా వద్ద, 1839 జూన్‌లో నిజిప్ వద్ద సుల్తాను సైన్యాలను ఓడించాడు. అప్పుడు ఐరోపా రాజ్యాలు అడ్డుపడ్డాయి. 1838లో బ్రిటన్ సుల్తానుతో కుదుర్చుకున్న వాణిజ్య ఒప్పందం ప్రభుత్వ గుత్తాధిపత్యాలను నిషేధించింది. ముహమ్మద్ అలీ ఖజానాకు ఆయువుపట్టు ఆ గుత్తాధిపత్యాలే. 1840 జులైలో లండన్ ఒప్పందం, ఆ ఏడాది చివరలో బీరూట్, అక్కా కోటలపై ఫిరంగులు, 1841లో సైన్యం 18,000కు మించరాదన్న ఆంక్ష. బదులుగా దక్కింది ఈజిప్టుపై వంశపారంపర్య పాలన.

1840లో ఆ నౌకలు రాకుండా ఉంటే? ఇదీ ‘లౌ’యే. కాని దీనికి కారణాలున్నాయి కనుక వాదించవచ్చు. ఈజిప్టులో బొగ్గు లేదు, ఇనుము లేదు, నౌకలకు కలప లేదు. యంత్రాలు నడపడానికి పశువులను కట్టవలసిన చోట పరిశ్రమ ఎంతకాలం నిలుస్తుంది? మరొకవైపు ఆ బలానికి మూల్యం చెల్లించినదెవరు? అలెగ్జాండ్రియాకు నీరు తెచ్చే మహ్మూదియా కాలువ తవ్వకంలో వేలాది మంది కూలీలు మరణించారు. సైన్యంలోకి పట్టుకుపోతారన్న భయంతో రైతులు తమ వేళ్ళు నరుక్కున్నారు, కన్ను పొడుచుకున్నారు. బయటి శత్రువు అడ్డుపడి ఉండకపోతే ఆ రాజ్యం మహాశక్తి అయి ఉండవచ్చు. కాని తన రైతు తన వేలిని తానే నరుక్కునే రాజ్యంలో ‘అసబియ్యత్’ ఎంత ఉందో ఇబ్ను ఖల్దూన్‌ను అడగాలి. ఇలాంటి ‘లౌ’ మనల్ని ఉప్పొంగనివ్వదు. ఏది పరాయివాడు చెరిచాడు, ఏది మనమే చెరుచుకున్నాము అనే లెక్క వేయిస్తుంది.

ఇటీవలి చరిత్రలోనూ ఈ లెక్క తప్పదు. 1958 ఫిబ్రవరిలో ఈజిప్టు, సిరియా కలసి సంయుక్త అరబ్బు గణతంత్రంగా ఏర్పడ్డాయి. 1961 సెప్టెంబరులో సిరియా విడిపోయింది. నిండా నాలుగేళ్ళు నిలవలేదు. అధికారమంతా కైరోలో పోగుపడి, డమాస్కస్ అధికారులు పరాయివారయ్యారన్న ఆగ్రహం అందుకు ప్రధాన కారణం. ఇరాకు 1972లో తన చమురును జాతీయం చేసుకుంది. చమురూ, నీరూ, చదువుకున్న జనమూ మూడూ ఉన్న దేశమది. 1980లో ఇరాన్‌పై యుద్ధానికి దిగి ఎనిమిదేళ్ళు పోరాడింది. 1990లో కువైట్‌ను ఆక్రమించింది. ఆ తరువాత పన్నెండేళ్ళకు పైగా ఆంక్షలు, 2003లో దాడి. ఆ ఏప్రిల్‌లోనే బాగ్దాదు జాతీయ గ్రంథాలయం తగులబడింది. ఆంక్షలూ దాడీ బయటివారి నేరం. అంతకు ముందరి రెండు యుద్ధాలనూ జిన్ను చేయించలేదు. మాట్ రఫ్ ఊహించిన బాగ్దాదులో ‘అలెగ్జాండ్రియా గ్రంథాలయం’ వెలుగుతూ ఉంటుంది. నిజమైన బాగ్దాదులో గ్రంథాలయపు బూడిద ఎగిరింది. ఆ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని నవల చూపించి ఉంటే అది గొప్ప నవల అయి ఉండేది.

తారుమారు చేయడంలో మరో పద్ధతి

లోకాన్ని తలకిందులు చేసి చూపే కథ తప్పనిసరిగా అనుకరణగానే మిగలాలా? అక్కరలేదు. మన దేశంలోనే ఒక ముస్లిం మహిళ ఈ పని చేసి చూపింది. బెంగాలుకు చెందిన రుఖయ్యా సఖావత్ హుసేన్ ఆంగ్లంలో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో మద్రాసునుంచి వెలువడే ఒక మహిళా పత్రికలో అచ్చయింది. అందులో పురుషులు ‘మర్దానా’లో ఉంటారు, స్త్రీలు దేశాన్ని నడుపుతారు. పైకి ఇదీ అద్దమే. కాని ఆమె కారణం చూపింది. పురుషులు సైనికబలాన్ని పెంచుకుంటూ స్త్రీల విశ్వవిద్యాలయాలను హేళన చేస్తుండగా, ఆ విశ్వవిద్యాలయాల్లో స్త్రీలు మేఘాలనుంచి నీటిని, సూర్యుడినుంచి వేడిని సేకరించే విద్య సాధిస్తారు. శత్రువు వచ్చినప్పుడు కత్తులు ఓడిపోయిన చోట ఆ విద్య గెలుస్తుంది. గెలిచిన తరువాత వారు ఇతరుల భూమిని ఆశించరు.

చిన్న కథ. అయినా అందులో బలమెక్కడినుంచి వచ్చిందో ఉంది, వచ్చిన బలంతో ఏం చేశారో ఉంది. ‘ది మిరేజ్’లో ఈ రెండూ లేవు. బలం జిన్నునుంచి వచ్చింది. వచ్చిన బలంతో అమెరికా చేసిందే చేశారు. అధికారం ఎవరి చేతిలో ఉన్నా అలాగే ప్రవర్తిస్తుందన్నది రచయిత చెప్పదలచిన నీతి కావచ్చు. అది తన దేశంవారిని కొంత ఓదార్చే నీతి. మా స్థానంలో మీరున్నా ఇదే చేసేవారు అనే మాట దానిలో దాగి ఉంది. మన జవాబు ‘లేదు, మేము చేయము’ అని గర్వంగా చెప్పడం కాదు. చేయకుండా ఉండడానికి మన వద్ద ఏముందో చూపడం.

ఆ భవనాలు కట్టినవారు

ఇక్కడ మన తెలుగు పాఠకులకు మాత్రమే తట్టే ప్రశ్న ఒకటుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలనుంచి వేలాది మంది గల్ఫ్ వెళ్ళారు. వారిలో ముస్లింలున్నారు, ముస్లిమేతరులున్నారు. అరబ్బు బలమంటే వారికి నవలలోని సైన్యం కాదు. 2010 జనవరిలో దుబాయిలో ప్రారంభమైన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా వంటి భవనాలు, వాటికి కట్టిన పరంజా, ఆ పరంజామీద నిలబడ్డ తమ అన్నదమ్ములు. కఫీల్ అనుమతి లేనిదే ఉద్యోగం మారలేని, కొన్ని చోట్ల దేశం విడిచి రాలేని పద్ధతి దశాబ్దాలపాటు సాగింది. ఖతర్ వంటి దేశాలు 2020 నుంచి దానిని కొంత సడలించాయి.

నవలలోని బాగ్దాదు జంట భవనాలు కూలినప్పుడు కథ వాటిలో మరణించినవారికోసం దుఃఖిస్తుంది. అది సబబే. కాని వాటిని కట్టినవారెవరు? ముఖ్యపాత్రలలో ఒక కూలీ లేడు. ఒక అరబ్బు మహారాజ్యం నిజంగా ఏర్పడి ఉంటే దానిని న్యాయమైన రాజ్యమని చెప్పడానికి నేను అడిగే మొదటి ప్రశ్న సెనెట్ గురించి కాదు. శ్రామికుడి చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త (స) బోధ ఆ రాజ్యంలో అమలైందా అన్నది. అమెరికన్ రచయితకు ఈ ప్రశ్న తోచకపోవడం సహజం. గల్ఫ్‌నుంచి వచ్చే డబ్బుతో ఇల్లు కట్టుకున్న మనకు తోచకపోతే అది సహజం కాదు.

అనువదించాలా?

చివరకు ఆ యువకుడి కోరిక. ఈ నవలను తెలుగులోకి తేవాలా? సాంకేతికంగా కష్టమే. అమెరికన్ పత్రికలు చదివినవారికి మాత్రమే అందే చమత్కారాలు పుటపుటకూ ఉన్నాయి. తెలుగు పాఠకుడు అద్దంలోని బొమ్మను చూసి, దానిని తిప్పి అమెరికాను ఊహించుకుని, మళ్ళీ తిప్పి అరబ్బు దేశాన్ని చూడాలి. తేదీకే ఇంత తిప్పలైతే మిగతావాటి సంగతి చెప్పనక్కరలేదు. కాని కష్టమని వదిలే అనువాదకుణ్ణి కాను. నేను వద్దనుకున్న కారణం వేరు. ఒక భాషలోకి పుస్తకం వచ్చేటప్పుడు దాని వెంట దాని ఉద్దేశం రాదు. అమెరికాలో ఈ పుస్తకం ఒక మందు. ఇక్కడ అది మత్తుగా మారుతుందేమోనని నా భయం. చదవదలచినవారు ఆంగ్లంలో చదవవచ్చు, చదివి నాతో వాదించవచ్చు. నిషేధించమని ఎవరినీ కోరడం లేదు.

నేను అనువాదకుడిని కనుక నా చూపు తహ్తావీ మీద నిలుస్తుంది. ముహమ్మద్ అలీ సైన్యాన్ని 1841 ఫర్మానా తగ్గించివేసింది. తరువాత అబ్బాస్ పాషా కాలంలో భాషల పాఠశాల మూతపడింది, తహ్తావీని సూడాన్ పంపివేశారు. అయినా ఆయనా ఆయన శిష్యులూ చేసిన అనువాదాలు, బూలాఖ్‌లో అచ్చయిన గ్రంథాలు మిగిలాయి. తరువాతి తరం వాటిమీదనే నిలబడింది. మన హైదరాబాదులోనూ అంతే. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ అచ్చువేసిన అరబ్బీ గ్రంథాలను అరబ్బు పండితులే వెదికి తెప్పించుకున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో ఏర్పడిన అనువాద విభాగం ఆధునిక శాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చింది. ఆ రాజ్యం పోయింది, ఆ పుస్తకాలు ఉన్నాయి.

అవిశ్వాసుల కర్మలను ఎడారిలోని ఎండమావితో పోల్చిన ఆయతు (24:39) మనకు తెలిసిందే. దాహంగొన్నవాడు దానిని నీరనుకుని దగ్గరకు వెళితే ఏమీ ఉండదు. ఎండమావి తప్పు ఎడారిది కాదు, దాహం తప్పు మనిషిదీ కాదు. ఎటు నడిచాడన్నదే ప్రశ్న. మనకు దాహముంది, దానిని దాచుకోనక్కరలేదు. ఆ యువకుడికి పుస్తకం తిరిగి ఇస్తూ, ‘ముఖద్దిమా’ మొదటి సంపుటాన్ని దానితో కలిపి ఇచ్చాను. ‘రెండవది చదివిన తరువాత మొదటిదాని గురించి మాట్లాడుకుందాం’ అన్నాను. ‘సార్, ఇది లావుగా ఉంది’ అన్నాడు. తీసుకుని మాత్రం వెళ్ళాడు.